మా టీచరమ్మ పరీక్ష

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు మొదట తప్పించుకోవాలనే చూశాను. కవిత్వం నాకు రాదు. కథ అల్లే నేర్పు అంతకన్నా లేదు. బి.ఎస్సీ. గణితం మూడో సంవత్సరం చదువుతున్న రైతుబిడ్డను. లెక్క చెయ్యమంటే చేస్తాను, మడికి నీళ్ళు కట్టమంటే కడతాను, కలం పట్టమంటే మాత్రం చెయ్యి వణుకుతుంది. "అయితే నీకు జరిగిందే రాయి, కల్పించేపని లేదు కదా" అన్నాడు సంపాదక మిత్రుడు. నాకు జరిగినవాటిలో నలుగురికీ చెప్పదగ్గది ఒకటే ఉంది. నాకు అ ఆలు దిద్దించిన టీచరమ్మకు ఇరవయ్యేళ్ళ వయసులో నేను పాఠం చెప్పవలసి వచ్చింది. ఆ పాఠం నేను సరిగా చెప్పలేదు కూడా. అదే రాస్తున్నాను.

మా ఊరు తిరుపతి జిల్లాలో, శ్రీసిటీ పక్కన. 2022 ఏప్రిల్ దాకా మేము చిత్తూరు జిల్లావాళ్ళం. ఇటు సత్యవేడు, అటు వరదయ్యపాళెం, తూర్పున తడ, ఆ పైన పులికాటు సరస్సు. దక్షిణాన కొంచెం దూరం పోతే తమిళనాడు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం మాకు చిన్నప్పటినుంచీ అలవాటు. 2008లో శ్రీసిటీ మొదలయ్యేనాటికి నాకు మూడేళ్ళు నిండలేదు. నేను ఎదుగుతుంటే అదీ ఎదిగింది. కార్లు, చాక్లెట్లు, ఏసీలు, మట్టి తవ్వే యంత్రాలు అన్నీ అక్కడ తయారవుతాయి. 2013లో ఐఐఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం వచ్చాయి. షిఫ్టు మారే వేళకు మా రోడ్డు మీద బస్సులు బారులు తీరుతాయి. ఆ సందడికి ఇవతల, చింతచెట్టు కింద, రెండు గదుల మా ఎలిమెంటరీ స్కూలు ఉంది. నేను 2011లో అక్కడ ఒకటో తరగతిలో చేరాను. అప్పుడూ ఆమే టీచరు, ఇప్పుడూ ఆమే. మధ్యలో వేరే ఊళ్ళకు బదిలీ మీద పోయి మళ్ళీ మా ఊరికే వచ్చింది.

నాకు భాగహారం నేర్పింది ఆమే. పలక మీద కాదు, శెనక్కాయలతో. పదిహేడు కాయలు బల్ల మీద పోసి ఐదుగురం సమానంగా పంచుకోమనేది. మనిషికి మూడు వచ్చి రెండు మిగిలేవి. "మిగిలినవి టీచరువి" అని నోట్లో వేసుకునేది. శేషం అంటే ఏమిటో నేను ఈ జన్మలో మరిచిపోను. ఇప్పుడు మా కళాశాలలో సంఖ్యాసిద్ధాంతం పాఠం జరిగేటప్పుడు శేషం అన్న మాట వినపడితే చాలు, నాకు వేయించిన శెనక్కాయల వాసన వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2025 సెప్టెంబరు మొదటివారంలో హాస్టల్లో పేపరు చదువుతూ ఉంటే సుప్రీంకోర్టు తీర్పు కనపడింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించే టీచర్లు, ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళతో సహా, టెట్ పాసు కావాలని. నేను పెద్ద మేధావిలాగ గది అంతా వినపడేటట్టు "మంచి పనయింది. చదువు చెప్పేవాళ్ళే చదవకపోతే ఎట్లా? చేతకానోళ్ళు ఇంటికి పోతారు" అన్నాను. ఇద్దరు నవ్వారు. పక్క మంచం మీది మిత్రుడు మాత్రం ఏమీ మాట్లాడకుండా తువాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. వాళ్ళ నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారని నాకు రాత్రి భోజనాల దగ్గర గుర్తొచ్చింది.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. అమ్మ అన్నం పెడుతూ "టీచరమ్మకు ఉద్యోగం పోతాదంటరా. ఇరవై మూడేండ్లు చెప్పినాక ఇప్పుడు ఆమెకు పరీక్షేందిరా? నీకు చదువు చెప్పిన తల్లి. పోయి ఒకసారి పలకరించు" అంది. హాస్టల్లో నేనన్న మాట అన్నం ముద్దతో పాటు గొంతులో అడ్డం పడింది. చేతకానోళ్ళు అన్నప్పుడు నా మనసులో ఏ ముఖమూ లేదు. ఇప్పుడు ముఖం కనపడింది.

చదివేవారికి అర్థం కావడానికి ఆ తీర్పు సంగతి నాలుగు మాటలలో చెబుతాను. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. టీచర్లకు కనీస అర్హతలు నిర్ణయించే బాధ్యత ఆ చట్టం 23వ సెక్షను కింద జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి దక్కింది. ఆ మండలి 2010 ఆగస్టు 23న ఇచ్చిన ప్రకటనలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే టెట్, తప్పనిసరి అన్నది. మన రాష్ట్రంలో మొదటి టెట్ 2011లో జరిగింది. అంతకు ముందే ఉద్యోగంలో చేరినవాళ్ళ సంగతి ఎటూ తేలకుండా కోర్టులలో నలుగుతూ వచ్చింది. 2025 సెప్టెంబరు 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీల ధర్మాసనం తేల్చింది. పదవీ విరమణకు ఐదేళ్ళకు మించి గడువు ఉన్నవారు రెండేళ్ళలో టెట్ పాసు కావాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. ఐదేళ్ళలోపు ఉన్నవారు కొనసాగవచ్చు, కాని ప్రమోషను కావాలంటే టెట్ ఉండాలి. మైనారిటీ విద్యాసంస్థల ప్రశ్నను మాత్రం పెద్ద ధర్మాసనానికి నివేదించారు. దీనిని పునఃపరిశీలించమని కొన్ని రాష్ట్రాలు మళ్ళీ కోర్టు తలుపు తట్టాయి.

మా టీచరమ్మ కార్వేటినగరం డైట్‌లో శిక్షణ పొంది, డీఎస్సీ రాసి, 2002లో ఉద్యోగంలో చేరింది. తీర్పు వచ్చేనాటికి ఆమె వయసు నలభై తొమ్మిది. మన రాష్ట్రంలో పదవీ విరమణ అరవై రెండేళ్ళకు. లెక్క చూస్తే ఇంకా పదమూడేళ్ళ సర్వీసు. ఏ మినహాయింపులోకీ రాదు.

సత్యవేడులో ఆమె అద్దె ఇంటికి పోయేటప్పటికి సాయంత్రమయింది. నన్ను చూసి నవ్వి "ఏమబ్బోడా, ఎంత పొడుగైనావు" అంది. కాఫీ ఇచ్చింది. నేను నసుగుతూ పరీక్ష సంగతి ఎత్తేసరికి నవ్వు పోయింది.

"నేను పరీక్ష రాసే కదరా వచ్చినాను? డీఎస్సీలో ర్యాంకు తెచ్చుకునే కదా వచ్చినాను? నాకు చదువు చెప్పించుకున్నోళ్ళు ఇంజనీర్లయినారు, నర్సులయినారు. ఇప్పుడు వాళ్ళ వయసు పిల్లకాయల పక్కన కూర్చుని నేను పరీక్ష రాయాల. ఫెయిలయితే బడిలో పిల్లల ముఖం ఎట్ల చూసేది?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె భయం పరీక్ష తప్పడం గురించి కాదు, తప్పినట్టు ఊరికి తెలియడం గురించి. బల్ల మీద టెట్ గైడు ఉంది. కొని నెల కావస్తున్నా అట్ట మడత పడలేదు. నేను చివరికి "లెక్కల భాగం నేను చెబుతాను టీచర్. శనివారం రాత్రికి వస్తాను, ఆదివారం కూర్చుందాం" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నాకు చెప్పేదానికి వచ్చినావా?" అంది. అది కోపమో, సంతోషమో నాకు తెలియలేదు. రెండూ కావచ్చు.

ఇంటికి వచ్చి నాయనతో చెప్పాను. మాకు సత్యవేడు దారిలో కొద్దిగా మామిడితోట ఉంది. నాయన మాటలు తక్కువ. బీడీ ఆర్పి, "ముదురు చెట్టు కాపు తగ్గితే కొట్టేస్తామా? కొమ్మలు కోసి కొత్త రకం అంటు కడతాం. వేరు పాతదే, కాయ కొత్తది. అయితే ఒకటి. అంటు కట్టి వదిలేస్తే ఎండిపోతాది. పట్టుకునేదాకా పక్కనే ఉండి చూసుకోవాల" అన్నాడు. ఉపాధ్యాయ విద్య మీద తర్వాత నేను చదివిన వ్యాసాలలో ఇంతకన్నా తేటగా చెప్పింది చూడలేదు.

అట్లా మొదలయింది. శనివారం సాయంత్రం తిరుపతిలో బస్సెక్కి శ్రీకాళహస్తి మీదుగా ఇంటికి చేరడం, ఆదివారం పొద్దున్నే సైకిలు మీద సత్యవేడు పోవడం. పరీక్ష స్వరూపం ముందు ఇద్దరం అర్థం చేసుకున్నాం. ఒకటి నుంచి ఐదు తరగతులు చెప్పేవారికి మొదటి పేపరు. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. శిశువికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కటి 30 మార్కులు. తప్పు జవాబుకు మార్కు తియ్యరు. జనరల్ వారికి నూటికి అరవై, అంటే 90 రావాలి. టీచరమ్మకు 90 కావాలి.

మొదటి ఆదివారం పాత పేపరు పెట్టాను. గణితంలో ముప్పైకి తొమ్మిది వచ్చాయి. ఆమె కాగితం తిరగేసి పెట్టి వంటింట్లోకి పోయింది. నాకు ఏమి చెయ్యాలో తోచలేదు. నేను తప్పు చేసినప్పుడు ఆమె ఏమి చేసేదో గుర్తు చేసుకున్నాను. తిట్టేది కాదు, కొట్టేది కాదు. "ఇంతవరకు ఎట్ల వచ్చినావో చెప్పు" అనేది. నేనూ వంటింటి గడప దగ్గర నిలబడి "ఈ లెక్క ఎట్ల చేసినారో చెప్పండి టీచర్" అన్నాను. చెప్పింది. పద్ధతి సరిగ్గానే ఉంది. రోజూ ఐదో తరగతి లెక్కలే చేస్తూ చేస్తూ పైతరగతుల సూత్రాలు చెయ్యి జారాయి, అంతే. తెలియనిది కాదు, తుప్పు పట్టింది. తుప్పు పట్టిన కొడవలిని పారవెయ్యం కదా, సానపెడతాం.

ఒకసారి శిశువికాసంలో ఒక ప్రశ్న వచ్చింది. ఒకే కొలత నీళ్ళను వెడల్పు గిన్నెలో నుంచి పొడుగు గ్లాసులోకి పోస్తే, పొడుగు గ్లాసులో ఎక్కువ ఉన్నాయని చెప్పే పిల్లవాడు ఏ దశలో ఉన్నట్టు? ఇది స్విట్జర్లాండు శాస్త్రవేత్త పియాజే చేసిన ప్రసిద్ధమైన ప్రయోగం. రెండు నుంచి ఏడేళ్ళ లోపు పూర్వ ప్రచాలక దశ, ఆ తర్వాత మూర్త ప్రచాలక దశ అని గైడులో ఉంది. టీచరమ్మ ఆ పేర్లు ఎన్నిసార్లు చదివినా గుర్తుండటం లేదని విసుక్కుంది. ప్రశ్న పూర్తిగా చదివి ఉన్నట్టుండి నవ్వింది. "ఓరి, ఇది మా రాగిజావ కత గదరా! ఒకటో తరగతోళ్ళు పొడుగు గ్లాసు కోసం కొట్లాడుకుంటారు. మూడో తరగతికి వచ్చేసరికి ఆ కొట్లాట ఉండదు. రెండూ ఒకటే అని వాళ్ళే చిన్నోళ్ళకు చెప్తారు" అంది. ఆ తర్వాత ఆ దశలను ఆమె మరిచిపోలేదు. జెనీవాలో పియాజే కనిపెట్టిన సంగతిని మా చింతచెట్టు కింద ఆమె ఇరవై మూడేళ్ళుగా చూస్తూనే ఉంది. పేరు తెలియదు, అంతే. పరీక్ష అడిగేది పేరు.

ఆ రోజు నాకు రెండు విషయాలు తట్టాయి. ఒకటి, పరీక్ష వృథా కాదు. తను రోజూ చూసేదానికి ఒక శాస్త్రం ఉందని తెలిసిన తర్వాత ఆమె కళ్ళలో వచ్చిన వెలుగు నేను చూశాను. మరుసటి వారం ఆమే "ఒకటో తరగతి పిల్లలకు ఒకే రకం గ్లాసులు తెప్పించినానురా, ఇప్పుడు కొట్లాట లేదు" అని చెప్పింది. రెండోది, పరీక్ష అంతా కాదు. మా బడిలో ఇప్పుడు పనికోసం వచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలు ఉన్నారు, ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలు ఉన్నారు. వాళ్ళందరినీ ఆమె ఒకే చాప మీద కూర్చోపెట్టి తెలుగు చదివిస్తుంది. ఆ నేర్పును కొలిచే ప్రశ్న నూటయాభైలో ఒక్కటీ నాకు కనపడలేదు.

రష్యా దేశపు మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ మాట కూడా ఆ గైడులోనే చదివాను. ఒంటరిగా చెయ్యలేనిది, తెలిసినవారు పక్కన ఉంటే చెయ్యగలిగినది ఒకటి ప్రతి పిల్లవానిలోనూ ఉంటుందట. దానిని సమీప వికాస మండలం అన్నారు. నేర్చుకోవడం జరిగేది అక్కడే. మన ప్రభుత్వాలు, కోర్టులు, గైడ్లు అమ్మేవాళ్ళు అందరూ పిల్లల విషయంలో ఇది ఒప్పుకుంటారు. టీచరు విషయానికి వచ్చేసరికి మాత్రం నోటిఫికేషను ఇచ్చి, నువ్వే చదువుకో పొమ్మంటారు. పెద్దవాళ్ళకు ఆ మండలం ఉండదా? వాళ్ళ పక్కన ఎవరూ కూర్చోనక్కరలేదా?

మా చిన్నాన్న కూతురు శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కొత్త మిషను వచ్చినప్పుడల్లా కంపెనీవాళ్ళు ఆమెకు డ్యూటీ వేళలోనే నేర్పిస్తారు. పాత పనివాళ్ళలో ఒకరిని పక్కన నిలబెడతారు. చెయ్యి తిరిగిన తర్వాత పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ముందు పక్కన మనిషి, తర్వాత పరీక్ష. ఇనుప ముక్క బిగించే పనికే ఇంత ఏర్పాటు ఉంటే, పిల్లవాడి బుర్ర దిద్దే పనికి ఎంత ఉండాలి?

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. మా ఊరి పక్క ఫ్యాక్టరీలు కొన్ని జపాన్‌వాళ్ళవి కనక ఆ దేశం సంగతి వెతికి చదివాను. అక్కడ 2009లో టీచర్ల లైసెన్సుకు పదేళ్ళ గడువు పెట్టారు. గడువు తీరేలోగా ముప్పై గంటల కోర్సు చేసి లైసెన్సు తిరగరాయించుకోవాలి. లేకపోతే ఉద్యోగానికి ముప్పు. టీచర్లకు అది భారమయింది, చివరకు టీచర్లే కరువయ్యారు. 2022లో ఆ పద్ధతిని ఎత్తివేశారు. అమెరికాలో ఇంకో దారి ఉంది. 1987లో ఏర్పడిన ఒక జాతీయ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్ పూర్తిగా ఐచ్ఛికం. దానికోసం టీచరు రాతపరీక్షతో పాటు తన తరగతి పాఠాన్ని చిత్రీకరించి, తన పిల్లల రాతపని జతచేసి, తన బోధనను తనే విమర్శించుకుని పంపాలి. అటువంటి పరీక్ష ఉంటే మా టీచరమ్మ రాగిజావ కథ కూడా మార్కులు తెచ్చేది.

అంత దూరం ఎందుకు, మన పూర్వపు చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీవాళ్ళు చుట్టుపక్కల పల్లెలలో చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గదిలో అన్ని తరగతులు. పాఠాన్ని మెట్లుగా విడగొట్టి కార్డుల మీద రాసి, పిల్లవాడు తన మెట్టు నుంచి తనే పైకి ఎక్కేటట్టు ఏర్పాటు చేశారు. ఆ పద్ధతిని చూసి చెన్నై నగరపాలక పాఠశాలలవాళ్ళు కూడా తమకు తగినట్టు మలచుకున్నారు. పల్లెటూరి టీచరు చేతిలో నుంచి పక్క రాష్ట్రానికి పోదగిన విద్య పుట్టగలదని దీనివల్ల తెలుస్తుంది. 2020 జాతీయ విద్యావిధానం కూడా టీచర్లకు ఏటా కనీసం యాభై గంటల వృత్తిశిక్షణ ఉండాలనీ, అనుభవజ్ఞులు తోటివారికి మార్గదర్శనం చెయ్యాలనీ చెప్పింది. కాగితం మీది మాట ఆదివారం పొద్దున సత్యవేడు అద్దె ఇంటిదాకా రావాలంటే మధ్యలో మనుషులు కావాలి.

పరీక్ష కంప్యూటరు మీద. టీచరమ్మ ఫోనులో హాజరు వేస్తుంది, ఫొటోలు పంపుతుంది, అన్నీ చేస్తుంది. కాని మౌసు పట్టుకోవడం అలవాటు లేదు. మిత్రుని ల్యాప్‌టాప్ అడిగి తీసుకుపోయాను. తెర మూలన తరిగిపోతున్న సమయం చూస్తే ఆమెకు గుండెదడ. "ఇది నన్ను తరుముతా ఉండాదిరా" అనేది. రెండు ఆదివారాలు మౌసుతోనే సరిపోయింది. నవంబరు వానలలో ఒకసారి కరెంటు పోతే దీపం పెట్టుకుని క్షేత్రగణితం చేశాం. చివరికి మాదిరి పరీక్షలలో గణితం పద్దెనిమిది, పంతొమ్మిది దాకా వచ్చింది. నేను పొంగిపోయాను. హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను. పక్క మంచం మిత్రునికి క్షమాపణ కూడా అప్పుడే చెప్పాను. వాడు "మా నాయనకు ఎవరు చెప్తార్రా?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు.

డిసెంబరులో తిరుపతిలో పరీక్ష. నేనే వెంట పోయాను. గేటు దగ్గర ఇరవై రెండేళ్ళ ఆడపిల్లలు, తల నెరిసిన మాస్టార్లు ఒకే వరసలో నిలబడి ఉన్నారు. ఒకాయన హాల్ టికెట్టు చూసుకోవడానికి కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటున్నాడు. టీచరమ్మ లోపలికి పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది. ఒకటో తరగతిలో మొదటిరోజు గది గుమ్మం దగ్గర నిలబడి మా అమ్మను నేను అట్లాగే చూసి ఉంటాను.

జనవరిలో ఫలితం వచ్చింది. 86.

నాలుగు మార్కులు తక్కువ. విడివిడిగా చూశాను. శిశువికాసం 19, తెలుగు 22, గణితం 18, పరిసరాల విజ్ఞానం 19. ఇంగ్లీషు 8.

ఆ ఎనిమిది దగ్గర నా చూపు ఆగిపోయింది. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఇస్తారు. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి గుర్తుపెట్టినా ముప్పైకి సగటున ఏడున్నర వస్తాయి. అంటే ఇంగ్లీషులో ఆమెకు నావల్ల అందిన సాయం అర మార్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అన్ని ఆదివారాలలో ఒక్కసారయినా "టీచర్, మీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగానా అని వెనక్కి చూసుకున్నాను. అడగలేదు. మొదటిరోజే "లెక్కలు చెబుతాను" అన్నాను, ఎందుకంటే నాకు వచ్చింది లెక్కలే. రెండుసార్లు ఆమె ఇంగ్లీషు పుస్తకం చేతికి తీసుకుంటే, "అది మీరు చదువుకోగలరు టీచర్, ముందు ఈ లెక్క చూద్దాం" అన్నది కూడా నేనే. ఆమెకు కావలసింది కాదు, నాకు వచ్చింది నేర్పాను. పద్దెనిమిది వచ్చిన గణితాన్ని ఇరవై చేసే ఆరాటంలో, ఎనిమిది దగ్గర ఉన్నదానిని పన్నెండు చెయ్యడం సులభమని గణితం విద్యార్థికే తట్టలేదు. హాస్టల్లో నేను అన్న 'చేతకానోళ్ళు' అన్న మాట ఎవరికి వర్తిస్తుందో అప్పుడు తెలిసింది.

ముఖం చెల్లక రెండు వారాలు ఇంటికి పోలేదు. ఆమే ఫోను చేసింది. "ఏమబ్బోడా, నాలుగు మార్కులకే బడి ఎగ్గొడతావా?" అంది. పోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె విని, "నాకు ఇంగ్లీషు రాదని నీతో చెప్పేదానికి సిగ్గయిందిరా. నీకు అడిగేది తెలీలేదు, నాకు చెప్పేది చాతకాలేదు. ఇద్దరం నేర్చుకున్నాం" అంది. ఊళ్ళో ఏమయింది అని అడిగాను. నవ్వింది. "పిల్లకాయలకు నేనే చెప్పినాను. టీచరుకు నాలుగు మార్కులు తగ్గినాయి, మళ్ళీ రాస్తా అని. నాలుగో తరగతి పిల్ల ఒకతి వచ్చి, 'మీరు బాగా చదవలేదా టీచర్?' అనింది. ఇంగ్లీషు చదవలేదు అన్నాను. 'నేను కూడా' అనింది." ఏ సంగతికి ఆమె అంత భయపడిందో ఆ సంగతి అంత తేలికగా గడిచిపోయింది.

ఇప్పుడు ఏర్పాటు మారింది. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రమంతటా 16,347 పోస్టులు ప్రకటించారు కదా, అందులో ఎంపికయిన ఒక అమ్మాయి మా బడికి రెండో టీచరుగా వచ్చింది. టెట్ ఇటీవలే పాసయిన మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. బడి వదిలిన తర్వాత రోజూ అరగంట ఆమె మా టీచరమ్మకు ఇంగ్లీషు చెబుతుంది. అందుకు బదులుగా, ఒకే గదిలో మూడు తరగతులను ఎట్లా కూర్చోపెట్టాలో, ఏడ్చే పిల్లను ఎట్లా ఊరుకోపెట్టాలో, తాగి వచ్చి గొడవపడే తండ్రితో ఎట్లా మాట్లాడాలో మా టీచరమ్మ ఆమెకు నేర్పుతుంది. ఎవరు గురువు, ఎవరు శిష్యురాలు అంటే చెప్పలేను. నేను ఆదివారం పోయి లెక్కలు చూస్తాను. మొదట మాత్రం "ఈ వారం ఏది కష్టమయింది టీచర్?" అని అడుగుతాను. తీర్పు ఇచ్చిన గడువు 2027 సెప్టెంబరు. దానికి చాలా ముందే ఆమె 90 దాటుతుందని నా నమ్మకం. నమ్మకమే, రుజువు చేసిన సిద్ధాంతం కాదు.

అధ్యాపక మహాశయులకు, తోటి విద్యార్థులకు, ఈ సావనీరు అందుకునే పూర్వ విద్యార్థులకు చివరగా ఒక చిన్న మనవి. మనలో చాలామందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్ళం. మనకు అక్షరం పెట్టిన మాస్టారో, టీచరమ్మో ఇప్పుడు ఎక్కడో గైడు ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చుని ఉంటారు. పిల్లల హక్కు పెద్దది, టీచరు చదవాలన్న మాట న్యాయమైనదే. కాని చదవమని బెదిరించేవారు అనేకమంది ఉన్నారు, పక్కన కూర్చునేవారు తక్కువ. గణితం వచ్చినవారు గణితం, ఇంగ్లీషు వచ్చినవారు ఇంగ్లీషు, కంప్యూటరు వచ్చినవారు ఒక ఆదివారం మౌసు పట్టించడం, ఇంతకు మించి ఏమీ అక్కరలేదు. మన విద్యార్థి సంఘం ఊరివారీగా ఒక పట్టిక తయారుచేస్తే అందులో నా పేరు మొదట రాయండి. పక్క మంచం మిత్రుని నాన్నగారిది మదనపల్లె వైపు. అటువైపు ఊరివారెవరైనా ఉంటే హాస్టల్లో నన్ను కలవండి.

నేను డిగ్రీ తర్వాత బి.ఎడ్. చెయ్యాలని నిర్ణయించుకున్నాను. ఇంట్లో చెబితే అమ్మ "ఫ్యాక్టరీలో చేరితే ఇప్పుడే జీతమొస్తాది కదరా" అంది. నాయన ఏమీ అనలేదు, తోటలోకి పోయాడు. పోయిన ఏడు కట్టిన అంట్లకు ఈసారి చిగురు వచ్చింది.